పాస్టరు గారి మూడు జతల బ్రేక్ ప్యాడ్లు

స్పేర్ పార్టులు అమ్మడం కూడా ఒక ఉద్యోగమేనా అని మా బావమరిది నా పెళ్లిలో అడిగాడు. ముప్పై అయిదేళ్ల తర్వాత నేను రిటైరైన రోజున కూడా అదే మాట అడిగాడు. మధ్యలో తన బండికి ఎన్నిసార్లు నా చేత బ్రేకులు మార్పించుకున్నాడో మాత్రం ఆయనకు గుర్తు లేదు.

ఈ నాలుగు మాటలు కొత్తగా స్పేర్ పార్టుల కౌంటర్ వెనక నిలబడబోయే వాళ్ల కోసం రాస్తున్నాను. జీతం ఎలా పెంచుకోవాలి, స్టాకు పుస్తకం ఎలా రాయాలి అన్నవి ఇందులో ఉండవు. అవి మీ ఓనరు చెప్తాడు, లేదా చెప్పకుండా తప్పించుకుంటాడు. నేను చెప్పేది ఒకటే. మోటారు సైకిల్ బ్రేక్ ప్యాడ్ల గురించి అన్నీ తెలిసిన నేను, ఒకే బండికి మూడు జతలు మార్చి, ఆ బండి వెనక కూర్చునే మనిషి చెయ్యి ఎలా విరగ్గొట్టానో చెప్తాను.

డీజిల్ కనిపెట్టిన మహానుభావుడు

నేను మొదట కౌంటర్ ఎక్కింది మిర్యాలగూడలో. అప్పట్లో మోటారు సైకిళ్లకు అన్నీ డ్రమ్ము బ్రేకులే. బ్రేకు మొత్తం చక్రం మధ్యలో, మూత పెట్టిన డబ్బాలో ఉండేది. బయటి దుమ్ము, నీళ్లు దాని జోలికి పెద్దగా పోయేవి కావు.

దుమ్ముకు మాత్రం మిర్యాలగూడలో కరువు లేదు. రైసు మిల్లుల ముందు పొద్దంతా పెట్టిన బండి సాయంత్రానికి తవుడు పూసుకుని, ఎవరి బండి ఏదో తెలియకుండా తయారయ్యేది. మా షాపు పక్కన లింగయ్య అని ఒకాయన కొత్తగా వాటర్ సర్వీసింగు పెట్టాడు. ఎంత కడిగినా రెండో రోజుకే చెయిన్ తుప్పు పడుతోందని గిరాకులు ఆయనతో రోజూ లొల్లి పెట్టుకునేవాళ్లు. ఒక రోజు ఆ లొల్లి వినలేక నేను కౌంటర్ దాటి వెళ్లి సలహా పడేశాను.

“కడిగినంక జర డీజిల్ కొట్టు లింగన్నా. తుప్పు రాదు, బండి కొత్తదాని లెక్క మెరుస్తది.”

లింగయ్య నీళ్లు కొట్టే మిషన్ గన్నులో డీజిల్ పోసి బండి మొత్తం కొట్టాడు. బండి నిజంగానే మెరిసింది. నెల తిరిగేసరికి ఊళ్లో సర్వీసింగు వాళ్లంతా డీజిల్ కొట్టడం మొదలుపెట్టారు. ఆ తెలివి నాదేనని నేను కనపడిన ప్రతివాడికీ చెప్పుకున్నాను. డ్రమ్ముకు మూత ఉంది కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, నేనైతే మర్చిపోయాను.

లేదు అనకూడని షాపు

తర్వాత సూర్యాపేటలో ఒక సేటు దగ్గర చేరాను. బండ్లకు ముందు చక్రానికి డిస్కు బ్రేకులు రావడం అప్పుడే మొదలైంది. ఇనుప పళ్లెం లాంటి డిస్కు చక్రంతో పాటు తిరుగుతుంది. రెండు పక్కల నుంచి రెండు ప్యాడ్లు దాన్ని పట్టుకుంటాయి, బండి ఆగుతుంది. అంతా బయటే, మూత లేదు.

మా సేటుకు ఉన్న సిద్ధాంతం ఒకటే. “లేదు అనే మాట నీ నోట్లకెళ్లి రావొద్దు. గాడు అడిగింది లేకుంటే గసోంటిది ఇయ్యి. సెట్ అయితది అను.”

నేను రోజుకు ఇరవైసార్లు “సెట్ అయితది” అనేవాణ్ని. సెట్ కాని ప్యాడును మెకానిక్ ఆకురాయితో రాకి సెట్ చేసేవాడు. బ్రేకు ప్యాడు చెవి అరగదీసి ఇరికించడం మా దగ్గర నైపుణ్యం కింద లెక్క.

ఆ షాపులో నాకు పాఠం చెప్పింది సేటు కాదు, ఒక లెక్కల సారు. ఆయన అరిగిన పాత ప్యాడ్లను పేపర్లో చుట్టుకుని తెచ్చేవాడు. కొత్తదాన్ని పాతదాని మీద పెట్టి, రంధ్రానికి రంధ్రం, అంచుకు అంచు కలిపి చూసి, ఒక్క వెంట్రుకవాసి తేడా ఉన్నా వెనక్కి ఇచ్చేవాడు. సేటు ఆయన్ను చూస్తే లోపలికి పోయి కూర్చునేవాడు. మీ దగ్గరికి అట్లాంటి మనిషి వస్తే విసుక్కోకండి, కుర్చీ వేయండి. పాత ప్యాడు చూడకుండా కొత్త ప్యాడు అమ్మకండి. రెండిట్లో ఒకటే ఎక్కువ అరిగి ఉంటే తప్పు ప్యాడుది కాదు, దాన్ని నొక్కే పిస్టన్ బిగుసుకుందని అర్థం. దాన్ని శుభ్రం చేయించకుండా ఎన్ని జతలు మార్చినా దండగ.

కోదాడ పరీక్షలు

కోదాడ హైవే ఊరు. సగం గిరాకులు ఇటు నుంచి, సగం ఆంధ్రా నుంచి. ప్యాడు మంచిదో కాదో తేల్చడంలో మాత్రం రెండు వైపులా ఒకటే శాస్త్రం. ఒకాయన చేతిలో ఆడించి బరువు చూస్తాడు. ఇంకొకాయన కౌంటర్ మీద కుండలా మోగించి చూస్తాడు. మరొకాయన డబ్బా మీది మెరిసే స్టిక్కరును గోటితో గీకి, అది ఊడితే నకిలీ అంటాడు, ఊడకపోతే మరీ గట్టిగా అంటించారంటే ఏదో మోసం ఉందంటాడు. ప్యాడు మీది మందం, దాని మధ్యలో ఉండే గాడి, వెనక అచ్చు వేసిన నంబరు మాత్రం ఎవరూ చూడరు. ఆ గాడి కనపడనంతగా అరిగిందంటే మార్చాలని అర్థం. దానికోసమే ఆ గాడి పెట్టారు.

ఒకాయన వచ్చి, చప్పుడు రాకూడదు, అరగకూడదు, డిస్కు అరిగించకూడదు, వానలో కూడా పట్టాలి, అట్లాంటి ప్యాడ్లు ఇవ్వమన్నాడు. బండి స్టాండు వేసి పెట్టుకొమ్మని సలహా ఇచ్చాను. ఆయన కోపంతో వెళ్లిపోతే ఓనరు నన్ను తిట్టాడు.

ఆ ఓనరు మాటతీరు అటు ఆంధ్రా, ఇటు తెలంగాణ. “చూడవయ్యా సోమయ్యా, కస్టమరుకి ముందు భయం పెట్టాలి. ‘వెనక ఎవరు కూసుంటారండీ, ఇంట్లోవాళ్లా, పిల్లలా?’ అని అడుగు. ఆ మాటతో ఖరీదైనదే కొంటాడు,” అనేవాడు. నేను అడిగేవాణ్ని. వాళ్లు ఖరీదైనవే కొనేవాళ్లు. వెనక కూర్చునే మనిషి గురించి నా ఉద్యోగంలో నేను అడిగిందల్లా అమ్మకం కోసమే.

ఖరీదు గురించి నా అభిప్రాయం దాచుకోను. మెత్తరకం ప్యాడ్లు చప్పుడు లేకుండా చల్లటి డిస్కును కూడా బాగా పట్టుకుంటాయి, తొందరగా అరుగుతాయి. లోహపు పొడితో చేసిన గట్టిరకం ఎక్కువ రోజులు వస్తాయి, వేడికి తట్టుకుంటాయి, కానీ కీచుమంటాయి, డిస్కును తింటాయి. ఊళ్ల మధ్య తిరిగే మామూలు బండికి, కంపెనీవాడు మొదట ఏ రకం పెట్టాడో ఆ రకమే చాలు. ఈ ముక్క చెప్పడానికి అర నిమిషం పడుతుంది. నేను అరగంట చెప్పేవాణ్ని. అరగంట చెప్తేనే మనకు విద్య ఉందని అవతలివాడు నమ్ముతాడు.

అయ్యగారు, అమ్మగారు

చివరి పన్నెండేళ్లు మళ్లీ మిర్యాలగూడలోనే. పక్కన లింగయ్య సర్వీసింగు అట్లాగే ఉంది. మా షాపు ముందు మెకానిక్ జానీ అని మంచి పనివాడు.

పాలకీడు దిక్కు ఒక ఊరి పాస్టరు సత్యానందం గారు మా గిరాకీ. ఆ చుట్టుపక్కల వాళ్లంతా ఆయన్ను అయ్యగారు అని, ఆయన భార్య రూతమ్మను అమ్మగారు అని పిలిచేవాళ్లు, నేనూ అట్లాగే పిలిచేవాణ్ని. ఆదివారం ఆయన మూడు ఊళ్లలో ప్రార్థన చెప్పాలి. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు ఆయనకు, తెల్ల చీర, చేతిలో కంజీర ఆమెకు. పాటలు నడిచేది ఆమె కంజీర మీదే. వాళ్ల బండి మా షాపుకు వచ్చే బండ్లన్నిట్లో శుభ్రమైనది. “దేవుని పనికి పోయే బండి అన్నా, మురికిగ ఉండొద్దు,” అనేవాడు ఆయన.

ఒక సోమవారం ఇద్దరూ వచ్చారు.

“వందనాలు సోమన్నా. ముంగటి బ్రేకు పట్టుతలేదే. నిన్న కాలువ కట్ట మలుపు కాడ ఒత్తితే జారుకుంట పోయింది.”

“ఆదివారమే గిట్ల అయితది అన్నా...” అని అమ్మగారు అందుకుంది.

“అమ్మగారూ, బ్రేకుకు వారాలతోటి ఏం సంబంధముంటది?” అన్నాను. కౌంటర్ దగ్గర ఉన్నవాళ్లంతా నవ్వారు, అయ్యగారు కూడా నవ్వాడు. జానీ బండి నడిపి చూసి వచ్చి “ఇప్పుడైతే పట్టుతుంది అన్నా, జర మెత్తగుంది” అన్నాడు. ప్యాడ్లు నల్లగా, నిగనిగలాడుతూ ఉన్నాయి. వేడికి మాడాయని తీర్పు చెప్పి కొత్తవి వేయించాను.

మూడు వారాలకు మళ్లీ సోమవారం వచ్చారు. అదే కథ. ఈసారి కొంచెం గట్టిరకం చూపించి, వేడి గురించి, రాపిడి గురించి ఉపన్యాసం ఇచ్చాను. మధ్యలో అమ్మగారు “అన్నా, నా చీర...” అంది. చీర చక్రంలో పడుతోందని చెప్తోంది కాబోలు అనుకున్నాను. “మీరు పరేషాన్ కావొద్దు, చీర గార్డు వేయిస్త,” అని, ఆమె ఇంకో మాట అనకముందే జానీ చేత వేయించాను కూడా. ఆమె ఆ గార్డును చూసింది, నన్ను చూసింది, బండి ఎక్కి కూర్చుంది.

మూడోసారి వచ్చిన రోజు మా కౌంటర్ ముందు పెద్ద సభే జరిగింది. బ్రేకు ఆయిల్లో గాలి చేరిందని ఒకడు, డిస్కు వంకర పోయిందని ఇంకొకడు. ప్రార్థనలో చేతులు ఎత్తి ఎత్తి అయ్యగారి వేళ్లలో పట్టు తగ్గిందని మిల్లు డ్రైవరు ఒకడు అన్నాడు. అయ్యగారు కాసేపు తన వేళ్లకేసి చూసుకున్నాడు కూడా. చివరకు నేను షాపులో ఉన్నవాటిలో అన్నిటికంటే గట్టిరకం, అన్నిటికంటే ఖరీదైన జత తీసి కౌంటర్ మీద పెట్టి, “ఇగ మీకు బ్రేకుల బాధ ఖతం,” అన్నాను. అమ్మగారు ఆ రోజు లోపలికే రాలేదు. అవతల చెరకు రసం బండి నీడలో నిలబడింది. సంతోషంగా ఉంది కాబట్టే ఫిర్యాదు చేయడం లేదని నేను అనుకున్నాను.

కాలువ కట్ట మలుపు

ఆ వచ్చే ఆదివారం పొద్దున కాలువ కట్ట మీద గొర్రెల మంద అడ్డం వచ్చింది. అయ్యగారు బ్రేకు ఒత్తాడు. బండి ఆగలేదు. మందను తప్పించబోయి కట్ట దిగువకు జారి, కాలువ రాళ్ల దగ్గర పడిపోయింది. గొర్రెలకేమీ కాలేదు. అయ్యగారు గడ్డిలో పడ్డాడు, చొక్కాకు మరక అయింది. అమ్మగారు ఎడమ చెయ్యి ఆనించి రాళ్ల మీద పడింది. మణికట్టు రెండు చోట్ల విరిగింది.

సంగతి తెలిసి నేను దవాఖానకు పోయాను. ఆమె మంచం మీద కూర్చుని ఉంది, చేతికి కట్టు. అయ్యగారు నన్ను చూడగానే లేచి “దేవుడు కాపాడిండు సోమన్నా,” అన్నాడు. నేను వెంటనే నా ధోరణిలో పడ్డాను. “ప్యాడ్లు మంచియే అయ్యగారూ, ఇగ డిస్కు మార్చి సూడాలె...”

“అన్నా,” అంది అమ్మగారు. “ఇప్పుడన్న నన్ను చెప్పనిస్తవా?”

నోరు మూసుకుని స్టూలు మీద కూర్చున్నాను.

“ఆదివారం ఆదివారం నా చీర అంచుకు డీజిల్ మరకలైతయ్. వాసన కూడ వస్తది. మంగళవారం, బుధవారం అదే బండి ఎక్కుత, మరకలు పడవ్, బ్రేకు కూడ పట్టుతది. శనివారం బండిని ఈయన లింగయ్య కాడ కడిగిస్తడు. వానలు పడి రెండు వారాలు కడిగియ్యలేదు, ఆ రెండు ఆదివారాలు మంచిగనే ఆగింది. ఇది చెప్దామనే రెండు మాట్లు నోరు తెరిచిన. చీర గార్డు వేసినవ్.”

డీజిల్ అన్న మాట దగ్గరే నాకు లెక్క తేలిపోయింది. డిస్కు మీద డీజిల్ పడితే ప్యాడు దాన్ని పీల్చుకుంటుంది. అప్పుడు అది మెత్తరకమైనా గట్టిరకమైనా ఒకటే, జారుతుంది. రెండు రోజులు తిరిగితే వేడికి కొంత కాలిపోయి మళ్లీ కాస్త పట్టుతుంది. మేము సోమవారం పరీక్ష చేసేవాళ్లం, సోమవారం అది కొంచెం మెత్తగా మాత్రమే ఉండేది. ప్యాడ్లు నిగనిగలాడింది కూడా అందుకే.

అక్కణ్నుంచి నేరుగా లింగయ్య దగ్గరికి పోయాను.

“లింగన్నా, కడిగినంక డీజిల్ డిస్కుకు గూడ కొడుతున్నవా?”

“బండి మొత్తం కొడుత. డిస్కుకైతే ఇంకింత ఎక్కువ కొడుత, మంచిగ మెరుస్తది.”

“డిస్కు బ్రేకుకు డీజిల్ కొడుతరానే? ఎవడు చెప్పిండు నీకు?”

లింగయ్య గన్ను కింద పెట్టి నా మొహంలోకి చూశాడు. “నువ్వే కదనే చెప్పింది. తుప్పు రాదు, కొత్తదాని లెక్క మెరుస్తది అని.”

డ్రమ్ములు పోయి డిస్కులు వచ్చాయని ప్రపంచమంతటికీ అరగంట చొప్పున చెప్పినవాణ్ని, పక్క గోడకు అవతల ఉన్న మనిషికి ఒక్క ముక్క చెప్పలేదు. ఆ రోజే లింగయ్య చేత ‘డిస్కుకు డీజిల్ కొట్టబడదు’ అని బోర్డు రాయించాను. బండి మెరవడం లేదని సగం గిరాకీ ఎదుటి సర్వీసింగుకు పోయింది. నెల తర్వాత లింగయ్య ఆ బోర్డు కింద ‘అడిగితే తప్ప’ అని రాయించబోతే నేను కొట్లాటకు దిగి ఆపాను.

క్షమాపణ

బోర్డు రాయించాక, ఒక ఆదివారం వాళ్ల ఊరికి వెళ్లి, తప్పు నాదేనని ఇద్దరి ముందూ చెప్పాను. అయ్యగారు మాట పూర్తికాకముందే నా భుజం మీద చెయ్యి వేసి క్షమించేశాడు. అంతటితో ఆగకుండా, బ్రేకు ఉన్నా పట్టు లేని జీవితం అంటూ ఆ రోజు ప్రసంగంలో నన్నే ఉదాహరణగా వాడుకున్నాడు. అందరూ వెనక్కి తిరిగి నన్ను చూశారు.

పాటలప్పుడు కంజీర ఎవరో వేరే ఆమె కొట్టింది. తాళం తప్పుతూనే ఉంది. ప్రార్థన అయ్యాక అమ్మగారు తన ఎడమ చెయ్యి చూపించింది. కట్టు విప్పారు కానీ మణికట్టు సగమే తిరుగుతోంది.

“అయ్యగారు క్షమించిండు, అది ఆయన డ్యూటీ అన్నా,” అంది. “చెయ్యి నాది.”

ఇంటికొచ్చే దారంతా ఏడ్చాను. ముప్పై ఏళ్లు కౌంటర్ వెనక నేను సంపాదించిందంతా నోరే అని, చెవులు ఎప్పుడో పోగొట్టుకున్నానని ఆ రోజు తెలిసింది. ఆ తర్వాత బండి మీద ఇద్దరు వస్తే వెనక కూర్చున్న మనిషిని ముందు అడగడం మొదలుపెట్టాను. బండి ఎప్పుడు ఆగుతోంది, ఎప్పుడు ఆగడం లేదు, ఎట్ల ఊగుతోంది, ఏం వాసన వస్తోంది, ఎక్కడ కడిగిస్తున్నారు అని. నడిపేవాడికి తన బ్రేకు మీద అభిమానం ఉంటుంది. వెనక మనిషికి అట్లాంటిదేమీ ఉండదు, నిజం చెప్తుంది.

చివరి జత

నేను రిటైరయ్యే నెలలో అయ్యగారు, అమ్మగారు మళ్లీ వచ్చారు. ఈసారి ప్యాడ్లు న్యాయంగా అరిగాయి, గాడి కనపడడం లేదు, రెండూ సమానంగా ఉన్నాయి. కంపెనీ మొదట పెట్టిన మామూలు రకమే తీశాను. పాతదాని మీద కొత్తది పెట్టి కలిపి చూశాను. జానీ డిస్కును శుభ్రంగా తుడిచి, చేతికి గ్రీజు లేకుండా కడుక్కుని బిగించాడు. నేను ఒక్క ముక్క ఉపన్యాసం ఇవ్వలేదు.

అమ్మగారు బండి ఎక్కలేదు.

“సోమన్నా, నువ్వు కూసో ఎనక.”

“నేనెందుకమ్మా?”

“సూడనీకి. కట్ట మీద మలుపు దాక పోయి రాండ్రి.”

“కొత్త ప్యాడ్లు అమ్మగారూ. జర కుదురుకోవాలె. రెండు మూడు రోజులు నిదానంగ నడిపితే...”

“కుదురుకునేదాక నేనే కూసోవాల్నా?”

షాపు వెనక సందు దాటితే కాలువ కట్ట, వాళ్లు పడిన చోటు కాకపోయినా ఇక్కడా ఒక మలుపు ఉంది. ముప్పై అయిదేళ్లలో నా చేతి ప్యాడ్ల మీద నేను వెనక సీట్లో కూర్చోవడం అదే మొదలు. ముందు మనిషి వీపు తప్ప ఏమీ కనపడదు. బ్రేకు మీద మన చెయ్యి ఉండదు. అయ్యగారు ధైర్యంగా పోనిచ్చాడు. కుడిపక్కన సాగర్ నీళ్లు నిండుగా పారుతున్నాయి. మలుపు దగ్గర పడుతుంటే నేను ఆయన తెల్ల చొక్కాను రెండు చేతులా పట్టుకుని కళ్లు మూసుకున్నాను. వేలమందికి “ఇగ బాధ ఖతం” అని చెప్పిన నోటితో దేవుళ్లందరినీ తలుచుకున్నాను, ఆయన దేవుణ్ని కూడా.

బండి ఆగింది. తిరిగి వచ్చేసరికి అమ్మగారు సందు చివరికి నడిచి వచ్చి నిలబడి ఉంది.

“ఎట్ల ఉంది అన్నా?”

మెత్తరకం, గట్టిరకం, వేడి, రాపిడి, ఒక్క మాటా నోటికి రాలేదు.

“ఆగిందమ్మా,” అన్నాను.

ఆమె సంచిని ఎడమ చేతిలోంచి కుడి చేతిలోకి మార్చుకుంది.

“అయితే దిగు,” అంది. “నేనెక్కుత.”